ఇనుప మెట్ల పెంట్ హౌస్

సూర్యాపేటలో నేను అద్దెకున్న గదిని దాని యజమానురాలు పెంట్ హౌస్ అనేది. గేటుకు వేలాడదీసిన టు-లెట్ బోర్డు మీద కూడా అదే రాయించింది. రెండంతస్తుల మేడ, దాని డాబా మీద ఒక మూలకు సిమెంటు ఇటుకలతో కట్టిన గది, పక్కన వంటకు ఒక మనిషి నిలబడేంత జాగా, పైన రేకులు. బాత్రూం డాబా అవతలి చివర, నీళ్ల ట్యాంకు కింద. నేను ఇంగ్లీషు టీచర్‌ని. నిఘంటువులో ఆ మాటకున్న అర్థం నాకు తెలుసు. ఎత్తయిన భవనం చిట్టచివరి అంతస్తులో, ఊరంతా కాళ్ల కింద కనబడేట్టు, బాగా డబ్బున్నవాళ్లు ఉండే ఇల్లు. నాకు అక్కణ్ణించి కనబడేవి బట్టలారేసే తీగలు, పక్క మేడ మీది సెల్‌టవర్, దూరంగా హైవే మీద కదిలే లారీల టాపులు.

ఆ ఇల్లు చూడటానికి వెళ్లిన రోజు ఆమె గేటు లోపల, నేను గేటు బయట నిలబడి మాట్లాడుకున్నాం. అరవై దాటిన మనిషి. పెద్ద బొట్టు, మెడలో రెండు వరసల గొలుసు, చేతిలో చాట.

"ఏం జేస్తవమ్మా?"

"టీచర్ని ఆంటీ. ఈ పక్క రోడ్డుల ప్రైవేట్ స్కూల్ల."

"అట్లనా! మా మన్మరాలు గూడ గా స్కూలే. మీరెవలు మరి?"

"నేను ఇంగ్లీష్ చెప్త ఆంటీ."

"అది గాదమ్మా. మీరెవలు అంటున్న."

మొదటిసారే నాకు అర్థమైంది. అర్థం కానట్టు నటించడం అలవాటైపోయింది, అంతే. దానికి ముందు చూసిన ఇళ్లలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పగానే ఒకచోట "మా తమ్ముడు దిగుతున్నడు" అన్నారు, ఇంకోచోట "రేపు ఫోన్ చేస్తం" అన్నారు. ఒకాయన నా ముందే టు-లెట్ బోర్డు తీసి లోపలికి పట్టుకుపోయాడు. నేను వీధి మలుపు తిరిగేసరికి మళ్లీ కట్టాడు.

"మేం చర్చికి పోతం ఆంటీ" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది. చాటలో బియ్యం ఒకసారి ఎగరేసింది. "సరే తీ. పైనే గదా ఉండేది" అంది. "ఒక్క మాట జెప్త. ముందటి మెట్లు మావి. గవి దేవుని రూం ముందర్కెల్లి పోతయి. మీకు ఎనక ఇనుప మెట్లున్నయి."

నేను సరేనన్నాను. ఆ సరే గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. కానీ స్కూలుకు నడిచి వెళ్లే దూరం. ఎండాకాలం మొదలవుతోంది, ఆ రేకుల కింద ఉండటానికి ఇంకెవరూ ముందుకు రాలేదు కాబట్టే ఆమె నాకు ఇచ్చింది. నాకు ఇంకెవరూ ఇవ్వలేదు కాబట్టే నేను తీసుకున్నాను. మా ఇద్దరి మధ్య మొదటి రోజు నుంచీ ఉన్నది ఇంతే.

ఇనుప మెట్లు ఇంటి వెనక, బట్టలుతికే బండ పక్కన, గోడకు బిగించి ఉండేవి. గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. ఎండాకాలంలో పట్టుకుంటే చేయి కాలేది. వానాకాలంలో కాలు నిలిచేది కాదు. ఇంటి ముందర మెట్లు మాత్రం వెడల్పుగా, నల్లగా, రోజూ తుడవడం వల్ల మెరుస్తూ ఉండేవి. ఆమె కొడుక్కు హైవే పక్కన టైల్స్, గ్రానైట్ షాపు ఉంది. ఉన్నదాంట్లో మంచి రాయి ఏరి సొంత ఇంటికి వేయించుకున్నాడు.

ఆంటీకీ నాకూ మాటల్లో గొడవ అయ్యేది తక్కువ, పనుల్లో అయ్యేది ఎక్కువ. నేను ఆదివారం చర్చి నుంచి వచ్చి మాంసం కూర వండితే కింద కిటికీలు ఒక్కొక్కటే చప్పుడు చేస్తూ మూసేది. నేను స్నానానికి పోగానే మోటారు బంద్ చేసేది. నేనేం తక్కువ తినలేదు. ఆమె డాబా మీద వడియాలు పెట్టిన రోజే పని గట్టుకొని ఎండుచేపలు వేయించేదాన్ని. గాలి ఎటు వీస్తోందో చూసుకొని మరీ తలుపు తీసేదాన్ని. ఆమె పైకి వచ్చి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వడియాల చీర నాలుగు మూలలూ పట్టుకొని ఎత్తుకుపోతుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

ఆ ఏడాది వానలు మొదలయ్యే ముందు మా అమ్మ మిర్యాలగూడ నుంచి నా దగ్గరికి వచ్చేసింది. మా నాన్న అక్కడ రైస్ మిల్లులో బస్తాలు మోసేవాడు. అమ్మ అదే మిల్లులో వడ్లు ఆరబోసేది, ఊక ఊడ్చేది. మిల్లు వెనక గోడ వారగా వరసగా కట్టిన రేకుల గదుల్లో ఒకటి మాది. మిల్లువాళ్లు వాటిని క్వార్టర్స్ అనేవాళ్లు. నేను ఐదో తరగతిలో ఉండగా ఇంగ్లీషు సార్ బోర్డు మీద ఇళ్ల బొమ్మలు వేసి, ఎవరిది ఎలాంటి ఇల్లో చెప్పమన్నాడు. నా వంతు వచ్చినప్పుడు లేచి గట్టిగా "క్వార్టర్స్ సార్" అన్నాను. ఆ మాట నాకు చాలా గొప్పగా ఉండేది. సార్ నవ్వి, "క్వార్టర్స్ అంటే ఆఫీసర్లుండేటివి. నీది షెడ్డు" అన్నాడు. ఏడో తరగతి దాకా క్లాసంతా నన్ను షెడ్డు అనే పిలిచారు. నేను ఇంగ్లీషు మీద పట్టుబట్టింది ఆ సార్ మీద కోపంతోనే. ప్రేమతో నేర్చుకున్నానని ఎవరికైనా చెబితే అబద్ధం చెప్పినట్టే.

నాన్న పోయాక కూడా అమ్మ ఆ గదిలోనే ఉండి పని చేసింది. మోకాళ్లు అరిగి గొంతుక్కూర్చుని పని చేయడం చేతకాకపోయేసరికి మిల్లువాళ్లు గది వేరేవాళ్లకిచ్చారు. ఒక ట్రంకు పెట్టె, ఒక బైబిలు, రెండు గిన్నెల మూటలతో అమ్మ సూర్యాపేట బస్టాండులో దిగింది. ఆంటీ గేటు దగ్గరే ఆపింది.

"ఒక్కదాన్నే ఉంట అన్నవ్ గద టీచరమ్మా?"

"మా అమ్మ ఆంటీ."

"అమ్మో, అక్కో. ముందుగాల జెప్పాలె గదా" అని, మా అమ్మ వైపు చూడకుండానే వెనక వైపు చేయి చూపించింది.

అమ్మ ఆ మెట్లు కూర్చుని ఎక్కేది. ఒక మెట్టు మీద కూర్చుని, చేతులు వెనక మెట్టు మీద ఆనించి, ఒళ్లు పైకి లాక్కునేది. చిన్నపిల్లలు ఎక్కినట్టు, కానీ వెనక్కి. వానలు మొదలవగానే నేను కిందికి వెళ్లి అడిగాను.

"ఆంటీ, మెట్లు జారుతున్నయ్. మా అమ్మ ఒక్కతే ముందటి మెట్లకెల్లి వస్తది. నేను రాను. చెప్పులు చేతుల పట్టుకొని ఎక్కుతది."

"ఇయ్యాల మీ అమ్మ అంటవ్. రేపు మీ సుట్టాలు వస్తరు. ఒక్కసారి ఇస్తే ఇగ ఖతం. వద్దమ్మా, నన్ను పరేషాన్ జెయ్యకు."

చెప్పులు చేతుల్లో పట్టుకుంటుందని నా నోటితో నేనే అన్నాను. అదీ ఒప్పుకోలేదు.

పది రోజుల తర్వాత, ఒక శనివారం మధ్యాహ్నం నేను స్కూల్లో ఉన్నాను. అమ్మ కొత్తిమీర కోసం కిందికి దిగి, తిరిగి ఎక్కుతోంది. సన్నగా వాన. సగం ఎక్కాక చేయి జారి కిందికి దొర్లి బట్టలుతికే బండ మీద పడింది. ఆ రోజు జ్వరంతో స్కూలుకు రాని ఆంటీ మనవరాలు వంటింటి కిటికీలోంచి చూసి కేక పెట్టిందట. ఆంటీ వచ్చి చూసి, పక్కింటికి పాలు పోయడానికి వచ్చినతన్ని పిలిచి ఆటో తెప్పించిందట. ఆంటీ తనను ముట్టుకోలేదని మా అమ్మ చెప్పలేదు. ఆ పాలతనే తర్వాత చెప్పాడు.

నేను దవాఖానకు పోయేసరికి అమ్మ కుడి మణికట్టుకు కట్టు వేస్తున్నారు. "ఏం గాలే బిడ్డా, జర బెణికింది" అంటోంది. ఎముక రెండు చోట్ల విరిగింది.

సాయంత్రం నేను అమ్మను నడుం పట్టుకుని అవే ఇనుప మెట్ల మీదుగా పైకి ఎక్కిస్తుంటే ఆంటీ వెనక తలుపు దగ్గరికి వచ్చింది.

"సూసి ఎక్కాలె గద టీచరమ్మా! ముసలోళ్లకు పైన రూములు ఎందుకు తీస్కుంటరు?"

రెండు చేతులతోనూ అమ్మను పట్టుకుని ఉన్నాను. నోరు తెరిస్తే చేతులు వదులుతానని భయపడ్డాను.

ఆ నెలలోనే నాలుగో తరగతికి ఇళ్ల పాఠం వచ్చింది. పుస్తకంలో రంగుల బొమ్మలు: గుడిసె, కాటేజ్, బంగళా, అపార్ట్‌మెంట్, విల్లా, పడవ ఇల్లు, మంచుతో కట్టిన ఇగ్లూ. సూర్యాపేటలో మే నెల గడిపిన పిల్లలందరికీ ఇగ్లూ స్పెల్లింగు ఒక్క రోజులో వచ్చేసింది. చివ్వెంల నుంచి బస్సులో వచ్చే ఒక పిల్ల లేచి, "టీచర్, రేకుల ఇల్లును ఏమంటరు?" అని అడిగింది. పుస్తకంలో ఆ బొమ్మ లేదు. నాకు షెడ్డు అనే మాట నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. "టిన్ రూఫ్డ్ హౌస్ అనాలె. హౌస్ అనే అనాలె" అని బోర్డు మీద రాశాను. క్లాసులో సగం మంది అది రాసుకున్నారు. ఆ సగం మంది ఎవరో నాకప్పుడు తెలిసింది.

పాఠం అయ్యాక ప్రాజెక్ట్ ఇచ్చాను. మీ ఇంటి బొమ్మ వేయండి, కింద పది వాక్యాలు ఇంగ్లీషులో రాయండి. "పుస్తకంల ఉన్నది కాపీ కొట్టొద్దు. మీ ఇల్లు ఎట్లుంటదో అట్లనే రాయాలె. నిజం రాయాలె" అని చెప్పాను. ఆంటీ మనవరాలు రెండో బెంచీలో కూర్చునేది. రెండు జడలు, గుండ్రటి చేతిరాత, చెప్పిన పని చెప్పినట్టు చేసే పిల్ల.

సోమవారం పేపర్లన్నీ వచ్చాయి. మధ్యాహ్నం స్టాఫ్ రూంలో దిద్దుతూ ఆ పిల్లది తీశాను. బొమ్మ చక్కగా వేసింది. మేడ ముందు వెడల్పాటి మెట్లకు నల్లరంగు, వెనక గుండ్రటి మెట్లకు ఎర్ర రంగు. కింద ఇంగ్లీషులో రాసింది. తెలుగులో చెబితే ఇట్లా ఉంటుంది:

మాది డూప్లెక్స్ హౌస్. మా ఇంటి మీద పెంట్ హౌస్ ఉంది. అందులో మా టీచర్, వాళ్ల అమ్మ ఉంటారు. మా ఇంటికి రెండు మెట్లు ఉన్నాయి. పాలరాతి మెట్లు మావి. ఇనుప మెట్లు వాళ్లవి. ఒకరోజు టీచర్ వాళ్ల అమ్మ పాలరాతి మెట్లు ఎక్కితే మా నానమ్మ నీళ్లు, పసుపుతో కడిగింది. తర్వాత టీచర్ వాళ్ల అమ్మ ఇనుప మెట్ల మీద నుంచి పడింది, చేయి విరిగింది. నేను చూశాను. నాకు మా ఇల్లు అంటే చాలా ఇష్టం.

కడిగిన సంగతి నాకు తెలియదు. సాయంత్రం అమ్మను అడిగాను. కట్టు అంచు సర్దుకుంది. తర్వాత, "ఒక్కనాడు మోకాళ్లు మస్తు గుంజినయ్ బిడ్డా. గేటు తీసి ఉండె, ఎవ్వలు లేరనుకొని ఎక్కిన. నేను ఇంక పైకి రాకముందే బకెట్ల నీళ్లు తెచ్చి పోసింది. నీకు జెప్తే లొల్లి జేస్తవని జెప్పలే" అంది.

ఆ పేపర్‌లో తప్పులు రెండే. పడిపోయింది అనే మాటకు క్రియారూపం తప్పు రాసింది, పసుపు స్పెల్లింగు తప్పింది. దిద్ది పదికి పది వేశాను. ఆ తర్వాత చేసింది మాత్రం దిద్దడం కాదు. ఆ వారం తల్లిదండ్రులు ప్రోగ్రెస్ కార్డుల కోసం వచ్చే రోజుంది. పిల్లల ప్రాజెక్టులు గోడకు పెట్టాలి. ఆ పేపర్‌ను నేను బ్యాగులో పెట్టుకోవచ్చు. బాగా లేదని పక్కన పెట్టొచ్చు. తలుపు పక్కనే, పెద్దవాళ్ల కళ్లకు సరిగ్గా ఎదురుగా వచ్చే ఎత్తులో పెట్టాను, నాలుగు మూలలకూ పిన్నులు గుచ్చి. తొమ్మిదేళ్ల పిల్ల రాతను తీసుకెళ్లి వాళ్ల నానమ్మ మీద విసురుతున్నానని నాకు తెలుసు. తెలిసే గుచ్చాను.

ఆంటీ కొడుకు వచ్చాడు. కార్డు తీసుకుని వెళ్లిపోతూ కూతురి బొమ్మ చూసి ఆగాడు. మొదట నవ్వుతూ ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. తర్వాత చదివాడు. అక్కడి నుంచి నేరుగా కరస్పాండెంట్ గదికి పోయాడు. ఐదు నిమిషాల్లో నాకు పిలుపు వచ్చింది. పేపర్ టేబుల్ మీద లేదు, ఇంకా గోడ మీదే ఉంది. ముగ్గురం క్లాసులోకి వచ్చి దాని ముందు నిలబడ్డాం. మిగతా తల్లిదండ్రులు వెనక్కి జరిగారు.

"ఏంది మేడం ఇది? పిల్లలతోని ఇవేం రాయిస్తున్నరు?" అన్నాడు కరస్పాండెంట్.

"నేను రాయించలే సార్. ఎవరిల్లు వాళ్లను రాయమన్న. పాప వాళ్లిల్లు రాసింది."

"పాపకేం తెలుసు?" అన్నాడు కొడుకు. "నువ్వే జెప్పి రాయించినవ్. మా అమ్మ మీద కసితోని."

"కసి ఉంది. అబద్ధం లేదు. ఏ లైన్ల అబద్ధం ఉందో చూపెట్టుండి, నేనే కొట్టేస్త."

నిజంగానే చదివాడు. వేలు పెట్టి ఒక్కో లైను కిందికి వచ్చాడు. కడిగిన దగ్గర వేలు ఆగింది, కదిలింది. చేయి విరిగిన దగ్గర ఆగింది, కదిలింది. మళ్లీ పైకి పోయింది.

"ఇగో. మార్బుల్ అని రాసింది. గవి మార్బుల్ గావు. గ్రానైట్."

నేను ఎర్ర పెన్ను తీసి మార్బుల్ కొట్టేసి, పైన గ్రానైట్ అని రాశాను. వెనక ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది.

"తీసెయ్యండి మేడం" అన్నాడు కరస్పాండెంట్.

"నేను తియ్యను సార్."

ఆయనే లాగాడు. మూడు మూలలు వచ్చాయి, నాలుగోది పిన్ను కింద చిరిగి మిగిలింది. "రేపట్నించి ఫోర్త్ క్లాస్ మీకు లేదు" అన్నాడు. ఆ పిల్ల అప్పుడు వరండాలో స్తంభం పక్కన నిలబడి ఉంది. వాళ్ల నాన్న జబ్బ పట్టుకుని బండి దగ్గరికి లాక్కుపోయాడు.

నేను ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. ఆంటీ ముందు మెట్ల మీద నిలబడి ఉంది. అమ్మను కిందికి పిలిపించి గేటు దగ్గర నిలబెట్టింది. వీధిలో నాలుగైదు గుమ్మాల్లో మనుషులు.

"నా ఇంట్ల ఉండుకుంట నా పిల్లతోని నా మీదనే రాయిస్తవా? నీకు రూం ఇచ్చుడే నా తప్పు. ఎవ్వలియ్యకపోతే నేనిచ్చిన. రేపొద్దున్నే ఖాళీ జెయ్యి!"

"చేస్త. మెట్లు కడిగిన్రా లేదా? ఒక్కటి జెప్పుండి."

"కడిగిన. ఇంక కడుగుత. నా ఇల్లు, నా మెట్లు. ఏం జేస్తవ్?"

అంతకుముందు ఏమనాలో ఎన్నోసార్లు అద్దం ముందు అనుకున్నాను. ఇంగ్లీషులో కూడా అనుకున్నాను. ఒక్కటీ రాలేదు. అమ్మ ఎడమ చేయి పట్టుకుని ఆ మెట్ల వైపు నడిచాను.

"వద్దు బిడ్డా" అంది అమ్మ. "ఎనకకెల్లి పోదాం."

"నడువమ్మా."

ఆంటీ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. నేను ఆగలేదు. ఇంకో మెట్టు ఎక్కితే నా ఒళ్లు ఆమెకు తగులుతుంది. అది ఆమెకూ తెలుసు. ఆఖరి నిమిషంలో గోడకు అతుక్కుని పక్కకు జరిగింది, చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుని. తగలకుండా ఉండటం కోసం దారి ఇచ్చింది. ఆ దారిలోనే మేం ఎక్కాం. అమ్మ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, ఆగి, మళ్లీ ఎక్కింది. ఆ రాయి కాళ్లకు ఎంత చల్లగా ఉందో నాకు ఇప్పటికీ తెలుసు.

మేం సగంలో ఉండగానే కింద బకెట్ చప్పుడైంది. నీళ్లు పోస్తోంది. మేం పైకి పోయేదాకా కూడా ఆగలేకపోయింది.

మొదటి అంతస్తులో తలుపు తీసి ఉంది. ఆ పిల్ల గుమ్మంలో కింద కూర్చుని ఉంది. అరచేతులు రెండూ ఒళ్లో తెరిచి పెట్టుకుంది. వాతలు తేలి ఎర్రగా ఉన్నాయి. గరిటె కాడతో కొట్టారో, దేనితో కొట్టారో. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది.

"టీచర్, నిజం రాయాలె అని మీరే చెప్పిన్రు గదా" అంది.

నేను ఆ పిల్ల ముందు కూర్చుని ఏదన్నా చెప్పి ఉండాల్సింది. మా అమ్మే వంగి, కట్టు లేని చేత్తో ఆ పిల్ల తల తాకబోయింది. లోపలి నుంచి కొడుకు గొంతు వినబడగానే చేయి వెనక్కి తీసుకుంది. మేం పైకి వెళ్లిపోయాం.

మర్నాడు పొద్దున్నే గది ఖాళీ చేసి, తోటి టీచరు ఒకామె ఇంట్లో కొన్నాళ్లు తలదాచుకున్నాం. అంటరానితనం పాటించిందని ఆంటీ మీద కేసు పెట్టమని ఆమే చెప్పింది. నేను రెండు పేజీల ఫిర్యాదు రాశాను. అమ్మ దాని మీద వేలిముద్ర వేయనంది. "ఆ పిల్లను పోలీసోళ్ల ముందర నిలబెడ్తవా? సూసిన అని జెప్పేది అదొక్కతే గదా" అంది. ఆ పిల్లను నేను ఒకసారి అప్పటికే నిలబెట్టాను. కాగితాలు చింపలేదు, ఇవ్వనూ లేదు.

స్కూలు మానేశాను. కోదాడలో ఒక స్కూలువాళ్లు ఇంగ్లీషు టీచరు కోసం చూస్తున్నారని తెలిసి వెళ్లాను, ఉద్యోగం ఇచ్చారు. మళ్లీ ఇళ్ల వేట. కోదాడలో మాట తీరు వేరు, ఆంధ్ర దగ్గర కదా, మర్యాదగా అడుగుతారు. "ఏమీ అనుకోకండి, మీరేమిటండీ?" అని. అడిగేది అదే. ఈసారి నేను పద్ధతి మార్చాను. బోర్డు మీది నంబరుకు ఫోన్ చేసి, వాళ్లు అడగకముందే మా కులం పేరు చెప్పేదాన్ని. "చర్చికి పోతాం. ఆదివారం మాంసం వండుకుంటాం. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, మీరు ఎక్కే మెట్లే ఎక్కుతుంది. ఇష్టమైతే చెప్పండి, వచ్చి చూస్తాం" అనేదాన్ని. చాలామంది ఏమీ అనకుండా ఫోన్ పెట్టేశారు. ఒకాయన "అంత గట్టిగా చెప్పక్కర్లేదమ్మా" అన్నాడు. "అంత గట్టిగా అడుగుతారు కాబట్టి" అన్నాను.

ఒక లారీ డ్రైవరు భార్య మాత్రం ఆగకుండా మొత్తం విని, "మెట్లు లేవండి, కింద పోర్షనే. కానీ మా కుక్క కరుస్తుంది, ముందే చెప్తున్నా" అంది. ఆ పోర్షన్ తీసుకున్నాం. ఆమె మంచిదని చెప్పను. చెత్తబుట్ట దగ్గర, మోటారు దగ్గర, గేటు తాళం దగ్గర ఆమెకూ నాకూ వారానికోసారి పడేది. కుక్క రెండుసార్లు నా చీర చింపింది. కానీ ఆ గొడవలు ఇద్దరం ఒకే నేల మీద నిలబడి పడేవి. గొంతు పోయేట్టు అరుచుకుని, మర్నాడు పొద్దున ఒకే కుళాయి దగ్గర బిందెలు పట్టుకునేవాళ్లం.

అమ్మ మణికట్టు సరిగ్గా అతకలేదు. వంకరగానే ఉండిపోయింది. మరుసటి ఏడాది ఒకసారి చేయి చూపించడానికి సూర్యాపేట వెళ్లి, తిరుగు ప్రయాణానికి బస్టాండులో కోదాడ బస్సు కోసం నిలబడ్డాం. అవతలి ప్లాట్‌ఫారం మీద ఆంటీ, ఆ పిల్ల కనబడ్డారు. పిల్ల పొడుగైంది. వేరే స్కూలు యూనిఫాం వేసుకుంది. ముందు ఆ పిల్లే మమ్మల్ని చూసింది. మా అమ్మ ఆ వంకర చేయే ఎత్తి ఊపింది. పిల్ల చేయి నడుం దాకా లేచింది. ఆంటీ అటు తిరిగి చూసి, ఆ చేయి పట్టుకుని కిందికి గుంజి, పిల్ల మొహాన్ని తన వైపు తిప్పుకుంది.

నేను అటు పోయి ఉండాల్సింది. ఆ పేపర్ గోడకు పెట్టింది నీకు మార్కులు వచ్చాయని కాదు, నా కోపం కోసం పెట్టాను, నీ చేతుల మీద దెబ్బలు నా వల్ల పడ్డవి అని ఆ పిల్లకు చెప్పి ఉండాల్సింది. ఆంటీ పక్కన ఉండగా ఆ మాట అంటే అది ఆమె ముందు తల వంచినట్టు అవుతుందని అక్కడే ఉండిపోయాను. బస్సు వచ్చింది. "కోదాడ, కోదాడ" అని కండక్టర్ అరుస్తున్నాడు. అమ్మను ఎక్కించి నేనూ ఎక్కాను.

పిల్లకు బాకీ పడ్డ మాట అలాగే ఉంది. వాళ్ల నానమ్మ మీద కోపం మాత్రం ఒక్క రవ్వ తగ్గలేదు. తగ్గించుకునే ప్రయత్నం కూడా నేను చేయడం లేదు.